చెకుముకి పిస్తోళ్ల చిక్కుముడి: తొలినాటి అమెరికా సైనిక ఆయుధాల్లో ‘అరుదు’ అంటే ఏమిటి?

2026 జూలై 4 అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండే రోజు. ఆ దేశం పుట్టిన కొత్తల్లో సైన్యం వాడిన కత్తులు, తుపాకులు, పిస్తోళ్ల మీదకు ఈ సందర్భంలో మళ్లీ చూపు మళ్లడం సహజమే. అయితే ఈ రంగంతో పరిచయం లేనివారిని తికమక పెట్టే విషయం ఒకటుంది. ఒకే తయారీదారు, ఒకే ఏడాది, ఒకే కాంట్రాక్టు కింద చేసిన రెండు పిస్తోళ్లు వేలానికి వచ్చినప్పుడు, ఒకటి రెండోదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పలకవచ్చు. పైపైన చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఒక్కోసారి తక్కువ పలికినదే ఎక్కువ తళతళలాడుతూ కనిపిస్తుంది కూడా.

ఎన్ని తయారయ్యాయన్న అంకె ఒక్కటే ఈ తేడాను వివరించలేదు. తయారైన తరువాత రెండు వందల ఏళ్లలో ఒక్కో పిస్తోలుకు ఏమేం జరిగిందో, అందులో ఎంత ఆ లోహం మీద ఇంకా చదవగలమో, అదే ధరను తేలుస్తుంది. ఆ సంగతి అర్థం కావాలంటే ముందు యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియాలి.

రాయి, ఉక్కు, రంజకం

చెకుముకి అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. ఊళ్లకు అగ్గిపెట్టెలు రాకముందు చెకుముకి రాయిని ఉక్కు ముక్కకు రాచి, రాలిన నిప్పురవ్వను దూదిలో పట్టి చుట్ట వెలిగించుకునేవారు. ఫ్లింట్‌లాక్ యంత్రం చేసేదీ సరిగ్గా ఆ పనే, కాకపోతే రెప్పపాటులో చేస్తుంది. పిస్తోలు కుడివైపున ‘లాక్ ప్లేటు’ అనే ఇనుప పలక ఉంటుంది. దాని మీద బిగించిన వంపు కొమ్మును మన పాతవాళ్లు ‘తుపాకి గుర్రం’ అనేవారు. ఆ గుర్రం దవడల మధ్య తోలు ముక్కలో చుట్టిన చెకుముకి రాయిని మరతో బిగిస్తారు. దాని ఎదురుగా ‘ఫ్రిజెన్’ అనే ఉక్కు పలక నిలబడి ఉంటుంది. ఫ్రిజెన్ అడుగుభాగమే కింది చిన్న గిన్నెకు మూత. ఆ గిన్నెలో చిటికెడు మెత్తటి మందు పోస్తారు. తెలుగులో దాన్నే రంజకం అంటారు.

మీట నొక్కగానే లోపలి స్ప్రింగు గుర్రాన్ని ముందుకు విసురుతుంది. రాయి ఫ్రిజెన్‌ను గీరుతూ దాన్ని వెనక్కి తోస్తుంది, గిన్నె తెరుచుకుంటుంది, నిప్పురవ్వలు రంజకంలో పడతాయి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆ నిప్పురవ్వలు రాయివి కావు. రాయి అంచు చెక్కేసిన ఉక్కు రజనే గాలిలో మండుతూ రాలుతుంది. అందుకే వాడిన పిస్తోలు ఫ్రిజెన్ ముఖం మీద నిలువు గీతలు పడతాయి. గిన్నెలో లేచిన మంట గొట్టం పక్కనున్న సన్నటి రంజకపు రంధ్రం గుండా లోపలికి వెళ్లి అసలు మందును అంటించి గుండును తోస్తుంది. పేలిన ప్రతిసారీ అదే రంధ్రంలోంచి కాలే వాయువు కొంత బయటికి చిమ్ముతుంది కూడా. రంధ్రం అంచు మెల్లగా అరుగుతుంది, దాని చుట్టూ ఇనుము గుంటలు పడుతుంది. ఈ అరుగుదలను పాఠకులు గుర్తుంచుకుంటే ముందుముందు పనికొస్తుంది.

మరో రెండు మాటలు. గొట్టం లోపలి వ్యాసాన్ని క్యాలిబర్ అంటారు, దాన్ని అంగుళాల్లో చెబుతారు. 0.69 అంటే సుమారు 17.5 మిల్లీమీటర్లు, 0.54 అంటే సుమారు 13.7 మిల్లీమీటర్లు. మందును, గుండును గొట్టంలో దట్టించే కడ్డీని గజం అంటారు. ఈ పిస్తోళ్ల గొట్టం లోపల సాధారణంగా నున్నగా ఉంటుంది, గుండు తిరుగుతూ వెళ్లేలా చేసే మెలి గాళ్లు ఉండవు. ఒకసారి పేలిస్తే మళ్లీ దట్టించాల్సిందే కాబట్టి గుర్రపు రౌతు జీనుకు రెండువైపులా రెండు పిస్తోళ్లు పెట్టుకునేవాడు. ‘జంట’ అనే భావన ఈ రంగంలో ఇంత బలంగా ఉండడానికి మూలం అదే.

దేన్ని సైనిక పిస్తోలు అనాలి?

ఇది తేలికైన ప్రశ్నలా కనిపిస్తుంది గాని కాదు. ఫెడరల్ ప్రభుత్వం తన ఆయుధాగారాల్లో చేయించినవి, కాంట్రాక్టు ఇచ్చి చేయించుకుని తనిఖీ ముద్రలు వేసినవి మొదటి వర్గం. వీటి విషయంలో ఎవరికీ పేచీ లేదు. రాష్ట్రాలు తమ దళాల కోసం చేయించినవి, మిలీషియా (మామూలు పౌరులతో కూర్చిన దళం) సభ్యులు సొంత డబ్బుతో కొనుక్కున్నవి రెండో వర్గం. సేకరించేవారు వీటిని ‘ద్వితీయ శ్రేణి సైనిక ఆయుధాలు’గా లెక్కిస్తారు.

ఈ రెండో వర్గం ఎందుకు పుట్టిందో 1792 మే నాటి మిలీషియా చట్టం చెబుతుంది. ఆ చట్టం ప్రకారం అశ్వదళ అధికారి కనీసం పద్నాలుగున్నర ‘చేతుల’ (ఒక చెయ్యి అంటే నాలుగు అంగుళాలు) ఎత్తున్న మంచి గుర్రాన్ని, కత్తిని, జంట పిస్తోళ్లను సొంతంగా సమకూర్చుకోవాలి. పిస్తోళ్ల ఒరలకు ఎలుగుబంటి తోలు మూతలు ఉండాలని కూడా అందులో రాశారు. సాధారణ రౌతు కూడా గుర్రాన్ని, జంట పిస్తోళ్లను తానే తెచ్చుకోవాలి. అలా కొన్న పిస్తోలు యుద్ధానికి వెళ్లినా దాని మీద ప్రభుత్వ ముద్ర ఉండదు. ముద్ర లేని పిస్తోలును సైనికమని నమ్మించడం అమ్మేవాడికి ఎంత సులువో, అది నిజంగా సైనికమేనని రుజువు చేయడం కొన్నవాడికి అంత కష్టం.

రాష్ట్రాల వరసలో వర్జీనియాది ప్రత్యేక స్థానం. స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఫాల్మౌత్ దగ్గర జేమ్స్ హంటర్ నడిపిన రాపాహనక్ ఫోర్జ్‌లో బ్రిటిష్ తేలిక అశ్వదళ పిస్తోలును చూసి చేసినవి, అమెరికా నేల మీద తయారైన తొలి సైనిక పిస్తోళ్లలోకి వస్తాయి. మిగిలినవి చాలా కొద్ది. ఆ తరువాత రిచ్‌మండ్‌లో వర్జీనియా రాష్ట్రమే సొంతంగా ఆయుధాల కర్మాగారం నడిపింది. అక్కడి మొదటి నమూనా పిస్తోలు గొట్టమే 12 అంగుళాలకు పైగా ఉంటుంది. చేతిలో పట్టుకుంటే పిస్తోలు కన్నా పొట్టి తుపాకి అనిపించే వస్తువు అది.

ఇక పెద్దపెద్ద పేర్లతో ముడిపడిన పిస్తోళ్లది మరో లెక్క. అమెరికా పక్షాన పోరాడిన ఫ్రెంచి సేనాని లాఫయెట్ జార్జ్ వాషింగ్టన్‌కు ఇచ్చిన జంట పిస్తోళ్లు తరువాత, కాబోయే అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ చేతికి వచ్చాయి. 2002 జనవరిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో అవి 19,86,000 డాలర్లు పలికాయి. ఇప్పుడు పెన్సిల్వేనియాలోని ఫోర్ట్ లిగోనియర్ మ్యూజియంలో ఉన్నాయి. అవి ఐరోపాలో చేసినవి, అమెరికా సైన్యం కాంట్రాక్టుతో వాటికి సంబంధం లేదు. అక్కడ ధర కట్టింది పిస్తోలుకు కాదు, చేతులు మారిన వరసకు. ఆ అంకెను చూపించి తన దగ్గరున్న పాత పిస్తోలుకు విలువ కట్టేవారు రెండు వేర్వేరు బజార్లను కలిపేస్తున్నట్టు లెక్క.

బెర్లిన్ అంటే జర్మనీ కాదు

ఫెడరల్ ప్రభుత్వం కాంట్రాక్టుతో చేయించిన తొలి పిస్తోలు కథ కనెక్టికట్ రాష్ట్రంలోని బెర్లిన్ అనే చిన్న ఊళ్లో మొదలవుతుంది. ఫ్రాన్స్‌తో సముద్రం మీద ప్రకటించని యుద్ధం నడుస్తున్న 1799 మార్చిలో, పొడవాటి గడ్డి కొడవళ్లు చేసే సిమియన్ నార్త్ అనే కమ్మరికి 500 పిస్తోళ్ల కాంట్రాక్టు దక్కింది. గడియారాలు చేసే ఎలిషా చేనీ అతనికి తోడయ్యాడు. మరుసటి ఏడాది మరో 1,500 పిస్తోళ్లకు ఆదేశం వచ్చింది. మొత్తం 2,000. విచిత్రమేమిటంటే, ఎవరితో పోరు నడుస్తోందో ఆ ఫ్రాన్స్ వారి 1777 నమూనానే వీరు అనుసరించారు. ముందుభాగంలో కొయ్య ఉండదు, లాక్ భాగాలన్నీ ఇత్తడి చట్రంలో ఇమిడి ఉంటాయి, క్యాలిబర్ 0.69.

ఇక్కడే మొదటి ఉచ్చు ఉంది. ఫ్రెంచి 1777 పిస్తోళ్లు ఐరోపాలో చాలా పెద్ద సంఖ్యలో తయారయ్యాయి, ఇప్పటికీ దొరుకుతాయి. నార్త్-చేనీ పిస్తోళ్లు మాత్రం బజారులో కనిపించడమే గగనం. దాంతో ఫ్రెంచి పిస్తోలు మీద పాత గుర్తులు అరగదీసి, ఇత్తడి చట్రం అడుగున ఇద్దరి పేర్లు, ‘బెర్లిన్’ అన్న మాట చెక్కి అమ్మే ప్రయత్నాలు జరిగాయి. స్కేలు పెడితే ఈ మోసం చాలావరకు బయటపడుతుంది, ఎందుకంటే ఫ్రెంచి దాని గొట్టం సుమారు ఏడున్నర అంగుళాలైతే అమెరికా దానిది ఎనిమిదిన్నర. అరగదీసి పేరు మార్చవచ్చు గాని పొట్టి గొట్టాన్ని పొడుగు చేయలేరు. గొట్టమే మార్చేస్తే అప్పుడు మిగతా భాగాలతో దాని రంగు, అరుగుదల కలవవు.

నార్త్ ఆ తరువాత దాదాపు మూడు దశాబ్దాల పాటు ప్రభుత్వానికి పిస్తోళ్లు చేస్తూనే ఉన్నాడు. 1808లో నౌకాదళం కోసం నడుము పట్టీకి తగిలించుకునే కొక్కెంతో, 1811లో సైన్యం కోసం, 1813లో మరో కాంట్రాక్టు. ఈ 1813 కాంట్రాక్టు పారిశ్రామిక చరిత్రలో పదేపదే ప్రస్తావనకు వస్తుంది. ఒక్కోటి 7 డాలర్ల చొప్పున 20,000 పిస్తోళ్లు చేయాలని, వాటిలో ఏ పిస్తోలు భాగమైనా మరే పిస్తోలుకైనా సరిగ్గా అమరాలని అందులో షరతు పెట్టారు. తయారైన భాగాలు ఒకదానికొకటి మారేలా ఉండాలని రాతపూర్వకంగా కోరిన తొలి అమెరికా కాంట్రాక్టుగా దీన్ని చెబుతారు.

షరతు రాసినంత మాత్రాన అది అమలైందా అన్నది వేరే ప్రశ్న. ఈ విషయంలో రెండు వాదాలున్నాయి. నార్త్ లాక్‌ల తయారీలో కొలతల మూసలు వాడి, పనిని విడగొట్టి, ఆ దిశలో నిజంగానే ముందడుగు వేశాడన్నది ఒక వాదం. కాగితం మీది మాటకూ కార్ఖానాలోని ఆకురాయికీ మధ్య దూరం చాలా ఉండేదని, పూర్తి స్థాయిలో మారుభాగాలు సాధ్యమైంది తరువాతి దశాబ్దాల్లో హార్పర్స్ ఫెర్రీ ప్రభుత్వ ఆయుధాగారంలో జాన్ హాల్ రైఫిళ్లతోనేనని మరో వాదం. మారుభాగాలను తొలుత సాధించాడని పేరుపడ్డ తుపాకుల తయారీదారు ఎలీ విట్నీ చుట్టూ అల్లుకున్న కథను, మిగిలిన అతని తుపాకుల భాగాలు మార్చి చూసి పరిశోధకులు ఇప్పటికే చాలావరకు పక్కన పెట్టేశారు. నార్త్ విషయంలో అంత కఠినంగా తీర్పు చెప్పనక్కరలేదని నాకనిపిస్తుంది. 1830లలో హాల్ రైఫిళ్లను హార్పర్స్ ఫెర్రీ వాటితో భాగాలు మార్చుకునేలా తన మిడిల్‌టౌన్ కార్ఖానాలో చేసి చూపించింది ఈ నార్తే.

సేకరణ కోణంలో ఈ కాంట్రాక్టుది ఒక వింత ఫలితం. పని నడుస్తుండగానే ప్రభుత్వం క్యాలిబర్‌ను 0.69 నుంచి 0.54కు తగ్గించమంది. దాంతో మొదటి రకం సుమారు 1,150 దగ్గర ఆగిపోయి, మిగిలిన వేలన్నీ ‘1816 నమూనా’గా వెలువడ్డాయి. ఒకే కాంట్రాక్టు, ఒకే మనిషి. ఒకటి అరుదైనది, మరొకటి ఓపిగ్గా వెతికితే దొరికేది. తరువాతి 1819 నమూనా కూడా 20,000 దాకా తయారైంది. 1836 నుంచి 1844 వరకు రాబర్ట్ జాన్సన్, ఏసా వాటర్స్ చేసిన 1836 నమూనా అమెరికా సైన్యపు చివరి చెకుముకి పిస్తోలు. ఈ సేకరణలోకి కొత్తగా అడుగుపెట్టేవారికి ముందు తారసపడేది సాధారణంగా అదే.

జంటల లెక్క: హార్పర్స్ ఫెర్రీ

ప్రభుత్వ ఆయుధాగారంలో తయారైన తొలి పిస్తోలు హార్పర్స్ ఫెర్రీది. ఊరు అప్పట్లో వర్జీనియాలో, ఇప్పుడు వెస్ట్ వర్జీనియాలో ఉంది. పది అంగుళాల గొట్టం, 0.54 క్యాలిబర్, పిడికి ఇత్తడి తొడుగు, లాక్ ప్లేటు మీద గద్ద, గుర్రం వెనుక ఊరి పేరు, ఏడాది. పొందికలో దీన్ని మించిన పిస్తోలు ఆ కాలంలో లేదని మెచ్చుకునేవారు చాలామంది. అమెరికా సైన్యంలోని మిలిటరీ పోలీసులు కాలరు మీద పెట్టుకునే చిహ్నం, అడ్డంగా వేసిన రెండు పిస్తోళ్లు, ఇవే.

దీని పేరే ఒక తగాదా. సేకరించేవారు ఎక్కువగా ‘1805 నమూనా’ అంటారు, సైనిక చిహ్నం వివరణలో ‘1806’ అని ఉంటుంది, లాక్ మీద ఎక్కువగా కనిపించే ఏడాది 1807. నిజానికి ఆ రోజుల్లో ఈ పిస్తోళ్లకు ‘నమూనా ఫలానా’ అన్న పేర్లు పెట్టే పద్ధతి స్థిరపడలేదు. ఇప్పుడు వాడుతున్న పేర్లలో చాలా భాగం తరువాతి తరాల సేకర్తలు సౌకర్యం కోసం పెట్టుకున్నవే. కాబట్టి ఎవరైనా 1805 అని ముద్రించిన హార్పర్స్ ఫెర్రీ పిస్తోలు తెచ్చి చూపిస్తే సంతోషించాల్సింది పోయి అనుమానించాలి.

తయారీ లెక్కలు ఇలా ఉన్నాయి: 1806లో 8, 1807లో 2,880, 1808లో 1,208. మొత్తం 4,096. వీటిని జంటలుగా ఇచ్చేవారు, జంటలోని రెండింటికీ గొట్టం మీద ఒకే సంఖ్య వేసేవారు. అంటే 2,048 జంటలు. ఇప్పుడు ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. నూటికి పది పిస్తోళ్లు మాత్రమే నేటి దాకా మిగిలాయనుకుంటే, మిగిలినవి దాదాపు 410. ఇది మరీ అరుదైన సంఖ్యేమీ కాదు. కానీ ఒక జంటలో రెండూ మిగిలే అవకాశం, పది శాతంలో పది శాతం, అంటే నూటికి ఒకటి. 2,048 జంటల్లో సుమారు 20. ఆ ఇరవైలో రెండు పిస్తోళ్లూ ఒకే చోటికి చేరాలి, రెండూ మార్పులకు లోనుకాకుండా ఉండాలి. మార్పులు లేనివి సగమే అనుకుంటే, రెండూ అలా ఉన్న జంటలు అయిదే. ఈ శాతాలు ఊహించినవే అయినా, లెక్క నడిచే తీరు మాత్రం నిజం. ఒంటి పిస్తోలు ధరను రెండుతో గుణిస్తే జంట ధర ఎందుకు రాదో ఇది చూపిస్తుంది. దీనికి ఒక చీకటి కోణమూ ఉంది. ఒంటి పిస్తోలు సంఖ్యను అరగదీసి మరోదాని సంఖ్య కొట్టి జంట కట్టే ప్రలోభం ఈ లెక్కలోంచే పుడుతుంది.

రాగి టోపీ తెచ్చిన చిక్కు

ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద చిక్కుముడి ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చూడాలి. 19వ శతాబ్దం మొదటి సగంలో చెకుముకి రాయి స్థానంలోకి చిన్న రాగి టోపీ వచ్చింది. దాని లోపల దెబ్బ తగిలితే పేలే పాదరసపు లవణం పూత ఉంటుంది. దాన్ని ఒక సన్నటి బోలు మొన మీద తొడిగి సుత్తితో కొడితే, నిప్పు నేరుగా గొట్టంలోకి వెళుతుంది. గాలికి రంజకం ఎగిరిపోవడం, వానకు తడిసిపోవడం వంటి బెడదలు తప్పాయి. అమెరికా సైన్యం 1842 నమూనాతో పూర్తిగా ఈ పద్ధతికి మారింది. మరి గిడ్డంగుల్లో ఉన్న పాత చెకుముకి పిస్తోళ్లను ఏం చేయాలి? పారేయకుండా వాటినే కొత్త పద్ధతికి మార్చారు. 1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు కూడా ఇలా మార్చిన పాత ఆయుధాలు రెండు పక్షాల చేతుల్లోనూ ఉన్నాయి.

మార్పిడి ప్రధానంగా రెండు రకాలుగా జరిగింది. మొదటిదానిలో రంజకపు రంధ్రాన్ని వెడల్పు చేసి, మరలు కోసి, అందులో పొట్టి గొట్టపు ముక్కను బిగించి, దాని మీద మొనను నిలబెట్టారు. రెండోదానిలో పాత రంధ్రాన్ని ఇత్తడితోనో ఇనుముతోనో మూసేసి, గొట్టం పైభాగంలోనే కొత్త రంధ్రం చేసి మొన బిగించారు. ఎలా చేసినా గిన్నె, ఫ్రిజెన్, దాని స్ప్రింగు పోతాయి, వాటి మరల రంధ్రాలు లాక్ ప్లేటు మీద పూడ్చి కనిపిస్తాయి, వంపు గుర్రం బదులు సుత్తి వస్తుంది.

మరో వందేళ్లకు కథ తిరగబడింది. సేకరించేవారికి కావలసింది చెకుముకి రూపం కాబట్టి, మార్చిన పిస్తోళ్లను మళ్లీ వెనక్కి మార్చడం మొదలైంది. దీన్ని ‘తిరుగు మార్పిడి’ అందాం. ఒక ఊహాలెక్క చూడండి. ఎన్నడూ మార్చని పిస్తోలు విలువ 100 అనుకుందాం. మార్చినదాని విలువ 40. తిరుగు మార్పిడికి ఖర్చు 10. ‘ఇది తిరిగి మార్చినది’ అని నిజం చెప్పి అమ్మితే 55 వస్తుందనుకుంటే పనివాడికి మిగిలేది 5. నిజం దాచి 100కు అమ్మితే మిగిలేది 50. నిజాయతీకి, మోసానికి మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు, పనితనం ఏ వైపు పదునెక్కుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మరి పట్టుకునేదెలా? అనుభవజ్ఞుడు పిస్తోలును చేతికి తీసుకుని ముందుగా గద్దనో పేరునో చూడడు. లాక్ విప్పి తిరగేస్తాడు. బయటి ముఖాన్ని రుద్ది, ఉప్పు ద్రావణాలతో తుప్పు పట్టించి, పూడ్చిన రంధ్రాలను దాచవచ్చు గాని, లోపలి ముఖం మీద పాత పూడికల గుండ్రటి అంచులు లాంతరు వెలుగు ఏటవాలుగా పడినప్పుడు వలయాల్లా బయటపడతాయి. తరువాత గొట్టంలోకి సన్నటి దీపం దించి రంజకపు రంధ్రాన్ని లోపలి నుంచి చూస్తాడు. ఎన్నడూ మార్చని గొట్టంలో రంధ్రం ఒకే లోహంలో ఉంటుంది. తిరిగి మార్చినదానిలో వెడల్పు రంధ్రంలో కొత్త బిరడా బిగించి మధ్యలో సన్న రంధ్రం చేస్తారు కాబట్టి, దాని చుట్టూ గోటి అంచంత సన్నటి గీత కనిపిస్తుంది. చివరిగా అరుగుదల. గొట్టం పక్కన వాయువు చిమ్మి ఇనుము గుంటలు పడి, గిన్నె మాత్రం నిన్న ఆకురాయి పెట్టినట్టు నున్నగా ఉంటే, లేదా ఫ్రిజెన్ ముఖం మీద ఒక్క గీతా లేకుంటే, ఆ భాగాలు కలిసి బతకలేదని అర్థం. దీనికి విరుద్ధంగా ఫ్రిజెన్ నిండా గీతలు ఉండి గొట్టం పక్క తాజాగా ఉన్నా అదే అనుమానం.

తిరుగు మార్పిడి తప్పా?

తిరిగి మార్చడమే నేరమన్నట్టు మాట్లాడేవారున్నారు, అది సరికాదు. సమర్థించేవారి మాటలోనూ పస ఉంది. ఊరి కమ్మరి మోటుగా మార్చేసిన ఒక సాధారణ 1836 పిస్తోలును పాత రూపానికి తెస్తే, జాన్సన్, వాటర్స్ చేసిన అసలు ఆకారం కంటికి కనిపిస్తుంది. సరైన భాగాలతో, బయటికి చెప్పి చేస్తే ఎవరికీ నష్టం లేదు. వ్యతిరేకించేవారు అడిగేది మరొకటి: ఆయుధాగారంలో మార్చి మెక్సికో యుద్ధానికో అంతర్యుద్ధానికో పంపిన పిస్తోలుకు రెండో జీవితమూ చరిత్రే కదా, దాన్ని చెరిపేసే హక్కు ఇప్పటి యజమానికి ఎక్కడిది? నా మట్టుకు, ప్రభుత్వ ఆయుధాగారపు మార్పిడిని ముట్టుకోకపోవడమే మంచిదనిపిస్తుంది. మోటు మార్పిడుల విషయంలో అంత పట్టింపు అక్కరలేదు. కొత్తగా పెట్టిన భాగం మీద కనబడని చోట ఒక గుర్తు కొట్టే అలవాటు అందరికీ ఉంటే ఈ గొడవలో సగం ఉండేది కాదు.

తుడవడం మీదా ఇలాంటి తర్జనభర్జనే ఉంది. గోధుమరంగుకు తిరిగిన ఇనుమును వందేళ్ల గాలీ చేతులూ ఇచ్చిన పొరగా భావించి తాకకూడదంటారు ఒకరు. సైన్యం ఈ పిస్తోళ్లను ఎప్పుడూ తళతళలాడేలా తోమించేది కాబట్టి తోమడమే అసలు రూపం అంటారు మరొకరు. ఇద్దరి మాటా సగమే నిజం, ఎందుకంటే ఇది నమూనాను బట్టి మారుతుంది. 1836 నమూనా ఇనుప భాగాలను మెరిసేలా వదిలేవారు. 1816, 1819 నమూనాల గొట్టాలకు గోధుమరంగు పూత వేసేవారు. మెరిసే 1836 పిస్తోలు చక్కగా కాపాడినది కావచ్చు. మెరిసే 1819 గొట్టం మాత్రం ఎవరో ఎప్పుడో పూత లేపేసినదే. అయితే ఏ నమూనా అయినా, గట్టిగా రుద్దినప్పుడు ముందు పోయేవి గొట్టం మొదట్లో కొట్టిన తనిఖీ అక్షరాలు, కొయ్య మీది ముద్ర. ప్రభుత్వ తనిఖీదారుడు పరీక్షించి ఒప్పుకున్నాడనడానికి అవే గుర్తులు. అవి పోతే ఆ పిస్తోలు మొదటి వర్గంలోదని చెప్పే నోరు పోయినట్టే.

పాతవాటిలా చేసిన కొత్తవి

ఇటలీలోనూ, మన దేశంలోనూ చెకుముకి ఆయుధాల ప్రతిరూపాలు తయారై అమెరికాకు వెళతాయి. పాత యుద్ధాలను వేషాలు కట్టి తిరిగి ప్రదర్శించేవారికి, గోడకు తగిలించుకునేవారికి అవి ఉపయోగం. తయారీదారుల ఉద్దేశంలో మోసం లేదు. మోసం తరువాతి చేతుల్లో, తయారీ గుర్తులు అరగదీసినప్పుడు మొదలవుతుంది. వీటిని పట్టుకోవడం తిరుగు మార్పిడిని పట్టుకున్నంత కష్టం కాదు. హార్పర్స్ ఫెర్రీ పేరుతో వచ్చే ఇటలీ ప్రతిరూపాల్లో 0.58 క్యాలిబరుతో, లోపల మెలి గాళ్లతో ఉన్నవి ఉన్నాయి. అసలుది 0.54, నున్నటి గొట్టం. ఒక కొలత పరికరం, ఒక సన్నటి దీపం చాలు.

చట్టం చూపులో

అమెరికా ఫెడరల్ చట్టంలో, 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం, 1898లో గాని అంతకుముందు గాని తయారైన ఆయుధం ‘పురాతనమైనది’. దాన్ని మామూలు తుపాకిలా లెక్కించరు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు. అందుకే టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువారు వేలంలో ఇలాంటి పిస్తోలు కొన్నప్పుడు, ఫెడరల్ చట్టం వరకు అది పాత గడియారం కొన్నంత తేలికగా అనిపించవచ్చు.

అదే పిస్తోలును హైదరాబాదుకో విజయవాడకో తేవాలనుకున్నప్పుడు ప్రశ్న మారిపోతుంది. మన 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాత పద్ధతి ఆయుధాలకు, పురావస్తు విలువ గలవాటికి మినహాయింపు ఇస్తుంది, కానీ ఒక షరతుతో: మరమ్మతు చేసినా, చేయకున్నా అది ఆయుధంగా పనికిరానిదై ఉండాలి. తయారైన ఏడాది అక్కడ గీటురాయి కాదు, పేలగలదా లేదా అన్నదే. గుర్రం పదునుగా పడుతూ, స్ప్రింగులు బిగువుగా ఉండి, రంజకపు రంధ్రం ఎన్నడూ మూయని 1807 నాటి హార్పర్స్ ఫెర్రీ పిస్తోలు సేకర్తలంతా కోరుకునేది. ఆ మినహాయింపుకు అన్నిటికన్నా దూరంగా ఉండేదీ అదే.